ఆర్‌సెప్ గుమ్మంలో హాంకాంగ్, చౌటుప్పల్‌లో ఒక ఒప్పందం: కేస్ స్టడీ

ఈ కేసులోని ఖాతాదారు చౌటుప్పల్ పరిసరాల్లో బల్క్ డ్రగ్ ఇంటర్మీడియట్లు, అంటే మందుల తయారీలో మధ్య దశ రసాయనాలు, తయారుచేసే ఒక చిన్న యూనిట్. యజమాని హైదరాబాద్ మందుల కంపెనీల్లో ఏళ్ల తరబడి పనిచేసి, తర్వాత సొంతంగా రియాక్టర్లు పెట్టుకున్న తరం మనిషి. ఎగుమతుల వ్యవహారం కొడుకు చూస్తాడు. నేను నల్గొండలో ఉంటూ విజయవాడ రహదారి పొడవునా ఉన్న యూనిట్లకు, మిర్యాలగూడ రైస్ మిల్లులకు, అప్పుడప్పుడు జడ్చర్ల వైపువారికి ఎగుమతి పత్రాలు, సుంకాల లెక్కలు చూసిపెడతాను. యూనిట్‌ను ఎవరూ గుర్తుపట్టకుండా ఉత్పత్తుల పేర్లు తీసేశాను. డబ్బు లెక్కలన్నీ ఎఫ్ఓబీ ధర (మన రేవులో ఓడ ఎక్కించేవరకు అయ్యే ధర) 100 అనుకుని అదే దామాషాలో మార్చి రాశాను.

ఆ యూనిట్ సరుకులో పెద్ద భాగాన్ని హాంకాంగ్‌లోని ఒక ట్రేడింగ్ సంస్థ కొంటుంది. ఆ సరుకు చివరికి చేరేది దక్షిణ కొరియాకు, కొంత వియత్నాంకు. ఇంతకాలం ఆర్డర్ వచ్చినప్పుడల్లా పంపడమే తప్ప దీర్ఘకాల ఒప్పందం లేదు. అలాంటిది కొనుగోలుదారు నుంచి ఒక ముసాయిదా వచ్చింది. ఒప్పందం మూడేళ్లు. ధర ఇప్పటికంటే 4 శాతం తక్కువ, మూడేళ్లూ అదే ధర. సరుకంతా హాంకాంగ్ గోదాముకు పంపాలి. అక్కడ చిన్న డ్రమ్ముల్లోకి మార్చి, లేబుళ్లు వేసి, కొరియాకు, వియత్నాంకు వాళ్లే పంపుకుంటారు. ఇందుకు చూపిన కారణం ఒక్కటే: హాంకాంగ్ త్వరలో ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమిలో చేరుతుంది, అప్పటినుంచి హాంకాంగ్ మీదుగా వెళ్లే సరుకుకు కొరియాలో సుంకం ఉండదు, ఆ లాభంలో మీకూ పెద్ద ఆర్డర్ల రూపంలో వాటా వస్తుంది.

కొడుకు సంతకం పెట్టేద్దామన్నాడు. తండ్రి ఫోన్ చేసి అడిగిన ప్రశ్న వేరు: "తమ్ముడూ, హాంకాంగ్ దేశమే కాదు కదా, దేశాల కూటమిలో ఎట్లా చేరుతుంది?"

ప్రశ్న సూటిగానే ఉంది. జవాబు తెలిస్తేనే ముసాయిదాలోని ఆశ ఎంతవరకు నిజమో అర్థమవుతుంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టాను.

వాణిజ్య ఒప్పందాల్లో కూర్చోవడానికి దేశం కానక్కరలేదు. సొంత కస్టమ్స్ వ్యవస్థ, సొంత సుంకాల విధానం ఉన్న ప్రాంతమైతే చాలు. హాంకాంగ్ బ్రిటిష్ పాలనలో ఉండగానే 1986లో గాట్‌లో (ప్రపంచ వాణిజ్య సంస్థకు ముందున్న సుంకాల ఒప్పందం) విడిగా సభ్యత్వం పొందింది. 1991లో చైనా, చైనీస్ తైపే (తైవాన్)లతో పాటు ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార వేదిక అపెక్‌లో చేరింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టినప్పుడు వ్యవస్థాపక సభ్యురాలు. 1997లో చైనా పాలనలోకి వెళ్లాక కూడా ఈ స్థానం పోలేదు. అక్కడి మౌలిక చట్టం 116వ అధికరణ దాన్ని ప్రత్యేక కస్టమ్స్ ప్రాంతంగా ఉంచింది. 151వ అధికరణ "హాంకాంగ్, చైనా" అనే పేరుతో వాణిజ్య ఒప్పందాలు తానే కుదుర్చుకునే వీలు ఇచ్చింది. 114వ అధికరణ ప్రకారం అది స్వేచ్ఛా నౌకాశ్రయం, మామూలు దిగుమతులపై సుంకం వేయదు. మద్యం, పొగాకు, ఇంధన నూనెలు, మిథైల్ ఆల్కహాల్, ఈ నాలుగింటిపైనే పన్ను ఉంటుంది, అదీ ఎక్సైజ్ పన్ను.

ఈ చివరి మాట మా కేసుకు ముఖ్యం. ఒప్పందం ఉన్నా లేకున్నా చౌటుప్పల్ సరుకు హాంకాంగ్‌లో దిగడానికి సుంకం లేదు. ఆ మాటకొస్తే, హాంకాంగ్ వార్త చూసి "మన బియ్యానికి దారి తెరుచుకుంటుందా" అని అడిగిన మిర్యాలగూడ మిల్లరుకు కూడా ఇదే జవాబు చెప్పాను. అక్కడ బియ్యానికి సుంకపు గోడ లేదు, అక్కడి జనం నోటికి థాయ్ బియ్యం అలవాటు. రుచికి ఏ ఒప్పందమూ రాయితీ ఇవ్వదు.

ఇక ఆర్‌సెప్. ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్‌కు చెందిన పది దేశాలు, వాటితో పాటు చైనా, జపాన్, కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మొత్తం 15 దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేసిన ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ఇది. 2022 జనవరి 1న పది దేశాలతో అమల్లోకి వచ్చింది, కొరియాలో నెల తర్వాత మొదలైంది. పదహారో కుర్చీ మనదే కావలసింది. 2012 నుంచి చర్చల్లో ఉన్నాం. 2017 జూలైలో 19వ విడత చర్చలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి. లోపల అధికారులు మాట్లాడుకుంటుంటే బయట రైతు సంఘాలు, ప్రజా సంఘాలు వ్యతిరేక సభలు పెట్టాయి. న్యూజిలాండ్ పాలపొడి వస్తే తమ పని అయిపోయినట్టేనని పాడి రైతులు భయపడ్డారు. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారత్ తప్పుకుంది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది పాడి రైతును అడిగితే ఒక జవాబు, రియాక్టర్ నడిపేవాడిని అడిగితే ఇంకొక జవాబు వస్తుంది. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి.

కొత్తవారు చేరడానికి ఒప్పందంలోని 20వ అధ్యాయంలో దారి ఉంది. అమల్లోకి వచ్చిన 18 నెలల తర్వాత ఏ దేశమైనా, ఏ ప్రత్యేక కస్టమ్స్ ప్రాంతమైనా చేరవచ్చు. అంటే తలుపు తెరుచుకున్నది 2023 జూలైలో. చర్చల్లో మొదటినుంచీ ఉన్న భారత్‌కు మాత్రం ఆ 18 నెలల నిరీక్షణ లేకుండా మినహాయింపు ఇచ్చారు. హాంకాంగ్ ఆత్రంగా 2022 జనవరిలోనే ఆసియాన్ సచివాలయానికి దరఖాస్తు ఇచ్చింది. తర్వాత శ్రీలంక, చిలీ, బంగ్లాదేశ్ కూడా వరుసలోకి వచ్చాయి. చేరికకు ఉన్న సభ్యుల సమ్మతి కావాలి, వారు పెట్టే షరతులకు ఒప్పుకోవాలి. ఈ ఫైలు నా చేతికి వచ్చేనాటికి హాంకాంగ్ ఇంకా వరుసలోనే ఉంది. కొనుగోలుదారు ముసాయిదాలో "త్వరలో" అన్న మాటకు తేదీ లేదు. తేదీ లేని లాభానికి మొదటి రోజు నుంచే తగ్గింపు అడిగారు.

అయినా తేదీ సంగతి పక్కన పెట్టి, హాంకాంగ్ రేపే చేరిందనుకుని లెక్క వేశాను. అసలు తేలవలసింది అక్కడే.

సుంకం రాయితీ సరుకు పుట్టుకను బట్టి వస్తుంది. ప్రయాణించిన రేవును బట్టి రాదు. మిర్యాలగూడ బియ్యం విజయవాడ మీదుగా లారీలో వెళ్లినంత మాత్రాన కృష్ణా జిల్లా పంట అయిపోదు కదా. ఆర్‌సెప్ రాయితీ దక్కాలంటే సరుకు ఆర్‌సెప్ దేశాల్లో తయారై ఉండాలి. ఒక్కో సరుకుకు ఒక్కో నిబంధన ఉన్నా, స్థూలంగా 40 శాతం విలువ ఆ దేశాల్లో చేరాలి, లేదా అక్కడి తయారీ వల్ల సరుకు హెచ్‌ఎస్ కోడ్ (సరుకు రకాన్ని బట్టి కస్టమ్స్ ఇచ్చే సంఖ్య) మారాలి. పెద్ద డ్రమ్ము నుంచి చిన్న డ్రమ్ములోకి మార్చడం, లేబుల్ అంటించడం తయారీ కిందికి రావు. ఏ ఒప్పందంలోనూ రావు. కాబట్టి హాంకాంగ్ సభ్యత్వం పొందిన మర్నాడు కూడా చౌటుప్పల్ డ్రమ్ము కొరియా కస్టమ్స్ దృష్టిలో భారతీయ సరుకే. ఆర్‌సెప్ రాయితీ దానికి సున్నా.

మరి కొనుగోలుదారు అబద్ధం చెప్పాడా? అలా అనుకోను. అతని వ్యాపారం మొత్తం చూస్తే ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. హాంకాంగ్ ఎగుమతుల్లో అక్కడ తయారయ్యే సరుకు నూటికి రెండు వంతులు కూడా ఉండదు. మిగిలినదంతా వేరే చోటినుంచి, ముఖ్యంగా చైనా నుంచి వచ్చి తిరిగి బయటికి వెళ్లేదే. ఇప్పుడు చైనా సరుకు ఆర్‌సెప్ రాయితీతో కొరియాకో జపాన్‌కో వెళ్లాలంటే, దారిలో హాంకాంగ్‌లో ఆగినప్పుడు చాలా జాగ్రత్తలు కావాలి. హాంకాంగ్ సభ్యురాలు కాదు కాబట్టి సరుకు కస్టమ్స్ పర్యవేక్షణలోనే ఉండాలి, దించి ఎక్కించడం లాంటివి తప్ప వేరే పని జరగకూడదు. అదే సభ్యురాలైతే, చైనాలో ఇచ్చిన ఆరిజిన్ సర్టిఫికెట్ (సరుకు ఎక్కడ పుట్టిందో చెప్పే పత్రం) ఆధారంగా హాంకాంగ్ ఇంకొక సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. వచ్చిన పెద్ద సరుకును ముక్కలుగా విడదీసి, ఒక ముక్క కొరియాలోని బూసాన్‌కు, ఒక ముక్క జపాన్‌లోని ఒసాకాకు, రాయితీ పోకుండా పంపవచ్చు. గోదాములు, బ్యాంకులు, బీమా, రవాణా మీద బతికే రేవుకు ఇది పెద్ద వరం. ఆసియాన్‌తో హాంకాంగ్‌కు 2017లోనే ఒప్పందం కుదిరింది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలతోనూ ఉంది. చైనాతో 2003 నుంచి ఉంది. ఆర్‌సెప్ సభ్యుల్లో దానికి ఒప్పందం లేనివి జపాన్, కొరియా మాత్రమే. దరఖాస్తు వెనుక లెక్క ఇదే.

మన కొనుగోలుదారు చైనా నుంచి కూడా ఇంటర్మీడియట్లు కొంటాడు. ఆ సరుకుకు వచ్చే సౌలభ్యాన్ని మన సరుకుకూ అన్వయించాడు. ఇది తండ్రీకొడుకులకు వివరించినప్పుడు తండ్రి ఒక్క నిమిషం ఆగి, "అంటే హాంకాంగ్ చేరితే సులువయ్యేది మన పోటీదారుకన్నమాట" అన్నాడు. అంతే. ముసాయిదా సారాంశం చెప్పాలంటే, పోటీదారుకు రాబోయే లాభం చూపించి మన దగ్గర 4 శాతం తగ్గింపు అడిగారు.

దీనికంటే ప్రమాదకరమైన సంగతి ఇంకొకటి బయటపడింది. ఆర్‌సెప్‌లో లేకపోయినా మనకు ఈ మార్కెట్లలో సొంత ఒప్పందాలు ఉన్నాయి. ఆసియాన్‌తో సరుకుల ఒప్పందం, కొరియాతో సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం రెండూ 2010 జనవరి 1న మొదలయ్యాయి. జపాన్‌తో 2011 ఆగస్టు నుంచి ఉంది. కొరియాలో సేంద్రియ రసాయనాలు చాలావాటికి సాధారణ సుంకం 5.5 లేదా 6.5 శాతం. మన ఒప్పందం కింద అర్హత ఉన్న సరుకుకు అందులో రాయితీ ఉంటుంది. ఆ రాయితీకి ఒక కచ్చితమైన షరతు ఉంది: సరుకు నేరుగా వెళ్లాలి. దారిలో ఓడ మారవచ్చు, కానీ మధ్య దేశంలో వ్యాపారంలోకి, వాడకంలోకి దిగకూడదు. హాంకాంగ్ గోదాములో దింపి, డ్రమ్ములు మార్చి, కొత్త ఇన్‌వాయిస్‌తో పంపితే ఆ షరతు తెగిపోతుంది. అంటే ముసాయిదా ప్రకారం నడిస్తే రాని ఆర్‌సెప్ రాయితీ కోసం చేతిలో ఉన్న కొరియా రాయితీ వదులుకోవాలి. ఆ సుంకం చివరికి ఎవరి ధరలోంచి పోతుందో వేరే చెప్పక్కరలేదు.

వియత్నాం సంగతి తొందరగా తేలింది. అక్కడికి వెళ్లే ఉత్పత్తికి కోడ్ చూస్తే సాధారణ సుంకమే సున్నా. రాయితీ ఇవ్వడానికి అక్కడ ఏమీ లేదు, ఏ కూటమి చేరినా, చేరకపోయినా. రాయితీల గురించి మాట్లాడే ముందు మామూలు సుంకం ఎంతో చూడాలని ప్రతి ఖాతాదారుకూ చెబుతాను. సగం కేసుల్లో సంభాషణ అక్కడే ముగుస్తుంది.

ఇక 4 శాతం తగ్గింపు, మూడేళ్ల స్థిర ధర. ఇది ధరల విషయమేనని కొడుకు అనుకున్నాడు. నాకు ఆరిజిన్ లెక్క కూడా కనిపించింది. కొరియా ఒప్పందం కింద సాధారణ నిబంధన రెండు షరతులు పెడుతుంది: ఎఫ్ఓబీ ధరలో కనీసం 35 శాతం విలువ భారత్‌లో చేరాలి, బయటినుంచి తెచ్చిన ముడిసరుకు ఆరంకెల కోడ్ తయారైన సరుకులో మారాలి. కోడ్ మారుతోంది, దానితో ఇబ్బంది లేదు. విలువ మాత్రం చూడాలి. ఈ యూనిట్ మొదటి ముడిసరుకు చైనా నుంచే వస్తుంది. ఎఫ్ఓబీ 100 అయితే అందులో చైనా ముడిసరుకు 52, ఇతర దిగుమతులు 5. మిగిలిన 43 మనది. హాయిగా గట్టెక్కుతుంది. ధర 4 తగ్గి 96 అయితే మనది 39, అంటే 40.6 శాతం. ఇప్పటికీ పర్వాలేదు. కానీ చైనా ముడిసరుకు ధర పెరిగి 60 అయిందనుకుందాం. ఈ రంగంలో అది వింత కాదు. పాత ధర 100 మీద మనకు సరిగ్గా 35 మిగులుతుంది, గీత మీద నిలబడతాం. స్థిర ధర 96 మీద మిగిలేది 31, అంటే 32.3 శాతం. సర్టిఫికెట్ రాదు. ధర పెంచుకునే వీలు లేని ఒప్పందంలో ముడిసరుకు పెరిగితే లాభం పోవడమే కాదు, సరుకు "భారతీయత" కూడా పోతుంది. కాగితం మీద ఈ నాలుగు వరుసలూ రాసి చూపాక కొడుకు ముసాయిదాను మళ్లీ మొదటినుంచి చదివాడు.

ఇక్కడ ఒక పక్క మాట. భారత్ ఆర్‌సెప్‌లో ఉండి ఉంటే, ఆ 52 విలువైన చైనా ముడిసరుకు ఆరిజిన్ నిబంధనలు తీర్చినదైతే కూటమి సరుకు కింద లెక్కలోకి వచ్చేది. సభ్య దేశాల ముడిసరుకును కలిపి లెక్కించే పద్ధతి అందులో ఉంది. చైనా మీద ఆధారపడ్డ ఇంటర్మీడియట్ యూనిట్లకు సభ్యత్వం వల్ల వచ్చే అసలు లాభం సుంకంలో కంటే ఈ కలుపుకునే లెక్కలోనే ఉండేది. అదే తలుపులోంచి చైనా తయారీ ఇంటర్మీడియట్ కూడా తక్కువ సుంకంతో మన మార్కెట్‌లోకి వచ్చేది. ఈ రెండింటిలో ఏది బరువో యూనిట్‌ను బట్టి మారుతుంది. ఈ యూనిట్‌కైతే రెండోదే బరువని నా అంచనా.

ముసాయిదాలో ఇంకా అర్థం కానిది ఒకటి మిగిలింది. రాయితీ లేనప్పుడు, సుంకం పెరిగేటప్పుడు, సరుకును హాంకాంగ్‌లో దించాలని అంత పట్టుదల ఎందుకు? కొరియాకు నేరుగా పంపితే ఆరిజిన్ సర్టిఫికెట్ మీద ఎగుమతిదారు పేరు, చిరునామా ఉంటాయి. చివరి కొనుగోలుదారు ఆ పేరు చూసి నేరుగా చౌటుప్పల్‌కు ఫోన్ చేస్తే మధ్యవర్తి పని ముగుస్తుంది. గోదాములో డ్రమ్ము మారితే పేరూ మారుతుంది. ఇందులో మోసం లేదు. మధ్యవర్తి తన బతుకుతెరువును కాపాడుకుంటున్నాడు. కానీ దాని ఖర్చు మన ఖాతాదారు భరించాలని అడగడం మాత్రం న్యాయం కాదు. అతని భయం నిజమైనది కాబట్టి దానికి వేరే మందు వెతకాలి.

జవాబు ముసాయిదా ఇలా తయారుచేశాం. వియత్నాం సరుకు హాంకాంగ్ మీదుగా వెళ్లినా నష్టం లేదు, అక్కడ వాళ్లు అడిగిన పద్ధతికే ఒప్పుకున్నాం. రేపు సుంకం వచ్చే సరుకు అక్కడికి పంపవలసి వస్తే, సరుకు నేరుగా, ఇన్‌వాయిస్ మాత్రం హాంకాంగ్ సంస్థ పేరున వెళ్లే వీలు ఆసియాన్ ఒప్పందంలో ఉంది. సర్టిఫికెట్‌లో మూడో దేశపు ఇన్‌వాయిస్ అని గుర్తు పెడితే సరిపోతుంది. కొరియా సరుకు మాత్రం నేరుగా కొరియాకే వెళ్లాలి, బిల్లు అక్కడి కొనుగోలుదారు పేరున, హాంకాంగ్ సంస్థకు కమిషన్. వాళ్లు పరిచయం చేసిన కొనుగోలుదారులతో మూడేళ్లపాటు, ఆ తర్వాత ఇంకో రెండేళ్లు వాళ్లను దాటి వ్యాపారం చేయబోమని రాతపూర్వక హామీ. తగ్గింపు లేదు. చైనా ముడిసరుకు ధర ఒక మేర దాటి పెరిగినా తగ్గినా ఆ తేడాను ధరలో సర్దుకునే షరతు. ఆర్‌సెప్ కోసం విడిగా ఒక షరతు: హాంకాంగ్ చేరిక అమల్లోకి వచ్చిన తేదీ నుంచి 60 రోజుల్లోగా ఇరుపక్షాలు కూర్చుని, ఈ సరుకుపై నిజంగా తగ్గిన సుంకం ఏదైనా ఉంటే దాన్ని పత్రాలతో చూపించి ధర మాట్లాడుకోవాలి.

ఈ చివరి షరతు వద్దని తండ్రి అన్నాడు. ఎలాగూ లాభం రాదని మీరే చెబుతున్నారు కదా, అనవసరంగా ఎందుకు అని. ఉంచమన్నాను. కొనుగోలుదారు ఆర్‌సెప్ మాటను మళ్లీ ఎత్తితే, రుజువు చూపే భారం అతనిదే అవుతుంది.

కొనుగోలుదారు వియత్నాం భాగానికి వెంటనే ఒప్పుకున్నాడు. కొరియా దగ్గర పేచీ పెట్టాడు. కమిషన్ పద్ధతిలో తన మార్జిన్ కొరియా కొనుగోలుదారుకు తెలిసిపోతుందన్నది అతని అభ్యంతరం. అది సరైన అభ్యంతరమే. కొన్ని వారాల ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత కొరియా కొనుగోలుదారుల్లో ఒకరికి మాత్రం నేరుగా పంపడానికి ఒప్పందం కుదిరింది. మిగిలినవారి సరుకు పాత పద్ధతిలో, ఆర్డర్ వచ్చినప్పుడల్లా, పాత ధరకు హాంకాంగ్‌కే వెళుతోంది. అక్కడ కొరియా సుంకం వాళ్లే కడుతున్నారు. మూడేళ్ల ఒప్పందం పూర్తి రూపంలో రాలేదు. పూర్తి విజయమని చెప్పను గానీ, నష్టపు సంతకం తప్పింది.

ఈ కేసు చూశాక చిట్యాల, నార్కట్‌పల్లి వైపు పత్తి జిన్నింగ్ మిల్లులవారు ఇద్దరు ముగ్గురు హాంకాంగ్ గురించి అడిగారు. వాళ్లు చూడవలసింది ఆ వరుసలోనే ఉన్న బంగ్లాదేశ్‌ను. మన పత్తి, నూలు అక్కడ దుస్తులవుతాయి. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితా నుంచి బంగ్లాదేశ్ బయటికి రావడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన తేదీ 2026 నవంబరు 24. ఆ హోదా పోతే దానివల్ల వచ్చే రాయితీలకూ గండి పడుతుంది. ఆర్‌సెప్ దేశాల మార్కెట్లను నిలుపుకోవడానికి ఆ దేశానికి ఆర్‌సెప్ ఒక దారి. హాంకాంగ్‌లో మన సరుకు డ్రమ్ము మాత్రమే మారుతుంది, బంగ్లాదేశ్‌లో నూలు బట్టగా, చొక్కాగా మారుతుంది. ఆ మార్పుకు పుట్టుక ఇచ్చే నిబంధనలు ఉన్నాయి. అక్కడి మిల్లుల గిరాకీ పెరిగినా తగ్గినా దాని సెగ నల్గొండ పత్తి మార్కెట్ వరకు వస్తుంది. అందుకే ఆ మిల్లుల కోసం ఇప్పుడు దుస్తుల అధ్యాయాల ఆరిజిన్ నిబంధనలు వరుసగా చదివి పట్టిక తయారుచేస్తున్నాను.